వార్డెన్, సెక్స్‌టన్, బీడిల్: పాత ఇంగ్లీషు కావలివాళ్ల, చర్చి ఉద్యోగుల పేర్లు విప్పుకోవడం ఎలా?

ఎం.ఏ. ఇంగ్లీషు చదివేవాళ్లు, పాత నవలలు అనువదించేవాళ్లు, తాతముత్తాతల పేర్ల కోసం పాత చర్చి రిజిస్టర్లు తిరగేసే ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలవాళ్లు అందరూ ఒకే చోట ఆగిపోతారు. సెక్స్‌టన్ అంటే ఏమిటని నిఘంటువు తెరిస్తే "చర్చి సేవకుడు" అని ఉంటుంది. వర్జర్ చూస్తే అదే. బీడిల్ చూసినా దాదాపు అదే. ముగ్గురూ ఒకే పని చేస్తే మూడు పేర్లెందుకు? నిజానికి ఒకరి చేతిలో పార ఉంటుంది, ఒకరి చేతిలో బెత్తం ఉంటుంది, ఇంకొకరి చేతిలో ఊరి పేదల బతుకే ఉంటుంది.

కాబట్టి అర్థం కోసం వెతకడం పక్కన పెట్టి, ప్రతి ఉద్యోగం పేరునీ మూడు ప్రశ్నలు అడగండి. ఈ మనిషి అధీనంలో ఏముంది? ఇతను ఎవరికి లెక్క చెప్పాలి? ఇతనికి గురుపట్టం, అంటే పాదిరీగా అభిషేకం, ఉందా, లేక మామూలు ఊరి మనిషేనా? ఈ మూడూ తేలితే తెలుగు మాట దానంతటదే దొరుకుతుంది. దొరక్కపోయినా కంగారు లేదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

1. ముందు కాలం, చోటు రాసుకోండి

పదం కనబడగానే అర్థం రాసేయకండి. పక్కన "ఏ కాలం, ఏ దేశం" అని రాసుకోండి. వార్డెన్ అంటే మనకి వెంటనే గుర్తొచ్చేది హాస్టల్ వార్డెన్. అమెరికాలో అయితే జైలు పెద్ద. ఆక్స్‌ఫర్డ్‌లో మెర్టన్, వాడమ్, ఆల్ సోల్స్ లాంటి కాలేజీల అధిపతిని ఇప్పటికీ వార్డెన్ అనే అంటారు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో సింక్ పోర్ట్స్ అనే పాత రేవు పట్టణాలకి లార్డ్ వార్డెన్ ఉంటాడు. వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ డ్యూక్ 1829 నుంచి 1852లో చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నాడు, చర్చిల్ 1941 నుంచి 1965 దాకా ఉన్నాడు. అన్నిటికీ ఒకే మాట, హోదాలు మాత్రం నేలకీ నింగికీ ఉన్నంత తేడా.

2. పదం తోక పట్టుకోండి

పాత ఇంగ్లీషులో, అంటే 1066లో నార్మన్లు రాకముందు భాషలో, "వెయర్డ్" అంటే కావలివాడు. ఇప్పటి "వార్డ్" అదే. ఈ మాటకి సొంతంగా హోదా లేదు. పాత ఇంగ్లీషు కవి కాడ్మన్ కట్టిన స్తుతిగీతంలో దేవుడే పరలోకరాజ్యానికి వెయర్డ్. బేవుల్ఫ్ కావ్యంలో నిధి మీద కూర్చున్న డ్రాగన్ హోర్డ్‌వెయర్డ్, నిధి కావలి. అదే కావ్యంలో సముద్రతీరాన గుర్రమెక్కి కాపలా కాసే సిపాయి కూడా వెయర్డే. నిధికి పాము కాపలా అనే కథలు వింటూ పెరిగినవాళ్లం కాబట్టి ఆ డ్రాగన్ సంగతి మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కాబట్టి తోక చూశాక తల చూడాలి: దేనికి కావలి? ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. "లార్డ్" అన్న మాట పాతరూపం హ్లాఫ్‌వెయర్డ్, రొట్టెకి కావలివాడు, ఇంట్లోవాళ్ల తిండికి పూచీ పడ్డవాడు. "లేడీ"లో ఉన్నది అదే రొట్టె, ఆమె పిండి పిసికే మనిషి. "స్టీవర్డ్" అంటే పెద్ద ఇంటికి, హాలుకి కావలి. పందులదొడ్డికి కావలి అని ఎక్కడైనా చదివితే నమ్మకండి, అది సరదాకి పుట్టిన కథ. స్కాట్లండ్‌లో వంశపారంపర్యంగా హై స్టీవర్డ్‌గా ఉన్న కుటుంబంలోంచే 1371లో రెండో రాబర్ట్ రాజయ్యాడు. స్టువర్ట్ రాజవంశం పేరు ఆ ఉద్యోగం పేరే.

"హేవర్డ్" దగ్గర ఇంకా జాగ్రత్త. ఇందులో "హే" ఎండుగడ్డి కాదు, కంచె. పొలాల చుట్టూ కంచె చూసుకుంటూ, పశువులు పంట మీద పడకుండా కాపలా కాసేవాడు హేవర్డ్. దారితప్పిన పశువుల్ని తోలే బందెలదొడ్డికి ఇంకో మనిషి ఉండేవాడు, పేరు పిండర్. బందెలదొడ్డి ఉన్న పల్లెటూళ్లో పుట్టినవాళ్లకి ఈ ఇద్దరూ పాత పరిచయస్తుల్లాగే ఉంటారు.

ఇంకో తోక "హెర్డ్", పశువుల కాపరి. షెపర్డ్‌లో గొర్రెలు, స్వైన్‌హెర్డ్‌లో పందులు. కవర్డ్ అనే ఇంటిపేరు ఆవుల కాపరి నుంచి వచ్చింది. పిరికివాడు అనే కవర్డ్ వేరే, అది ఫ్రెంచి నుంచి, తోక అనే మాట మీద వచ్చింది. ఒకే స్పెల్లింగు, చుట్టరికం సున్నా.

మూడో మాట "రీవ్". జమీకో ఊరికో వ్యవహారాలు చూసే అధికారి. షైర్ అంటే జిల్లా లాంటిది, దాని రీవ్ షైర్‌రీవ్, అదే అరిగి అరిగి షెరీఫ్ అయింది. బొంబాయి, కలకత్తాల్లో షెరీఫ్ అలంకారప్రాయమైన పదవి, అమెరికా సినిమాల్లో తుపాకీ పట్టుకున్న పోలీసు. మూలం మాత్రం జిల్లా లెక్కలు చూసే మనిషి. పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ కాంటర్‌బరీ కథల్లో చూపించే రీవ్ ఎలాంటివాడో చూడండి: ఏ ఆడిటరూ అతని లెక్కలో తప్పు పట్టలేడు, యజమాని ఆస్తి చూస్తూనే తన ఇల్లు చక్కబెట్టుకుంటాడు, కిందివాళ్లు అతనంటే చావుకి భయపడ్డట్టు భయపడతారు. ఇతన్ని "గ్రామాధికారి" అని తేల్చేస్తే ఆ రంగంతా పోతుంది. "దివాణం గుమస్తా" అంటే చాలావరకు నిలబడుతుంది.

ఒక హెచ్చరిక. తోకలో "వార్డ్" ఉన్న ప్రతి మాటా కావలివాడు కాదు. టువార్డ్, హోమ్‌వార్డ్, ఆక్‌వార్డ్‌లలో ఉన్నది దిక్కు.

3. డబ్ల్యూ తీసి జి పెట్టి చూడండి

ఇది చిన్న చిట్కా, చాలాచోట్ల పనికొస్తుంది. నార్మన్లు మాట్లాడిన ఉత్తరాది ఫ్రెంచిలో డబ్ల్యూ ఉండేది, పారిస్ ఫ్రెంచిలో అదే చోట జి పలికేది. ఇంగ్లీషు రెండు వైపుల నుంచీ అప్పు తెచ్చుకుంది. అందుకే వార్డెన్, గార్డియన్ అన్నదమ్ములు. వార్డ్, గార్డ్ అంతే. వారంటీ, గ్యారంటీ అంతే. తెలియని మాట కనిపిస్తే అక్షరం మార్చి చూడండి, తెలిసిన మాట బయటపడొచ్చు.

చట్టంలో మాత్రం ఈ జంట తిరగబడుతుంది. గార్డియన్ అంటే సంరక్షకుడు, వార్డ్ అంటే అతని సంరక్షణలో ఉన్న మైనరు. కావలి అన్న మాటే కావలిలో ఉన్న పిల్లవాడి పేరైంది. ఎనిమిదో హెన్రీ 1540లో పెట్టిన కోర్ట్ ఆఫ్ వార్డ్స్ ఇలాంటి వారసుల ఆస్తులు చూసేది. అదే పేరుతో మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా ఒకటి ఉండేది. జమీందారు చనిపోయి వారసుడు మైనరైతే ఎస్టేటు దాని చేతికి వెళ్లేది. కోస్తా జమీందారీల చరిత్ర చదివేవాళ్లకి "ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కింద ఉంది" అన్న వాక్యం తరచూ తగులుతుంది. అక్కడ వార్డ్ అంటే మున్సిపల్ వార్డూ కాదు, ఆస్పత్రి వార్డూ కాదు.

4. చర్చి మనుషుల్ని రెండు వరుసలుగా విడగొట్టండి

కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు గురుపట్టం ఉన్నవాళ్లు, కుడివైపు లేనివాళ్లు. ఇంగ్లండ్ చర్చికి సంబంధించిన ఏ పుస్తకం చదివినా సగం తికమక ఇక్కడే తీరిపోతుంది.

ఎడమవైపు రెక్టర్, వికార్, క్యూరేట్ వస్తారు. ముగ్గురూ పాస్టర్లే, తేడా డబ్బులో ఉంది. ఊరి పంటలో పదో వంతు చర్చికి చెందేది. ధాన్యం, గడ్డి, కలప లాంటి పెద్ద దశమభాగాలు కూడా అందుకునేవాడు రెక్టర్. ఆ పెద్ద భాగం ఏ మఠానికో, తర్వాత ఏ భూస్వామికో పోతుంటే, వాళ్ల బదులు ఊళ్లో ఆరాధన నడుపుతూ చిన్న దశమభాగాలతో సరిపెట్టుకునేవాడు వికార్. ఆ మాటకి అర్థమే "బదులు మనిషి". కాబట్టి జేన్ ఆస్టిన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో పాదిరీ కాలిన్స్ తనకి రెక్టరీ, అంటే రెక్టర్ పదవి, దక్కిందని ఉప్పొంగిపోవడంలో ఆదాయం లెక్క కూడా ఉంది. అదే నవలలో "లివింగ్" అన్న మాట వస్తే బతుకుతెరువు అని రాయకండి, ఆదాయంతో కూడిన చర్చి పదవి అని.

క్యూరేట్ అంటే ఇవాళ సహాయ పాస్టరు. పాత ప్రార్థన పుస్తకంలో "బిషప్పులు, క్యూరేట్లు" అని వచ్చినప్పుడు మాత్రం సంఘ సభ్యుల ఆత్మల బాధ్యత ఉన్న పాస్టర్లందరూ అని అర్థం. ఇంకా చిక్కు, బ్రాంటీ అక్కచెల్లెళ్ల తండ్రి పాట్రిక్ బ్రాంటీ 1820 నుంచి హావర్త్‌లో పర్‌పెచువల్ క్యూరేట్. దాన్ని "శాశ్వత సహాయకుడు" అని అనువదిస్తే ఆయన ఎవరి కిందో పనిచేసినట్టు అవుతుంది. హావర్త్ చర్చికి పెద్ద ఆయనే.

ఇప్పుడు కుడివైపు. నాకు ఎక్కువ ఇష్టమైన వరుస ఇది, ఎందుకంటే ఊరంతా ఇక్కడే ఉంటుంది.

చర్చివార్డెన్ ఊరి పెద్దమనిషి. సాధారణంగా ఇద్దరు ఉంటారు, ఏటా ఎన్నుకుంటారు. పాత ఆనవాయితీ ప్రకారం ఒకరిని పాస్టరు, ఒకరిని జనం ఎంచుకునేవారు. చర్చి కట్టడం, సామాన్లు, డబ్బు వాళ్ల అధీనంలో ఉంటాయి. 1601 పేదల చట్టం వచ్చాక పేదలకి సాయం పంచే బాధ్యతలో కూడా వాళ్లకి భాగం వచ్చింది. ఊళ్లో ఎవరైనా తప్పుదారి పడితే చర్చి కోర్టుకి పేరు పంపేదీ వాళ్లే. పాస్టరుకి నౌకర్లు కారు, అవసరమైతే పాస్టరు మీదే ఫిర్యాదు పెట్టగలరు.

వాళ్ల పాత లెక్కల పుస్తకాలు దొరికితే తప్పకుండా చూడండి. పంటలు కాపాడటానికి 1566లో ఒక చట్టం వచ్చింది, దాని ప్రకారం పంటకి చేటు చేసే జంతువుల్ని చంపి తెచ్చినవాళ్లకి చర్చివార్డెన్లు బహుమానం ఇవ్వాలి. అందుకే ఆ పద్దుల్లో "ఒక అర్చిన్‌కి 2 పెన్నీలు" లాంటి ఖర్చు కనిపిస్తుంది. ఇప్పటి నిఘంటువు చూస్తే అర్చిన్ అంటే వీధి పిల్లవాడు. చర్చివాళ్లు రెండు పెన్నీలకి పిల్లల్ని కొన్నారా అని టెన్షన్ పడకండి. ఆ రోజుల్లో అర్చిన్ అంటే హెడ్జ్‌హాగ్, చిన్న ముళ్లపంది. రాత్రిపూట పడుకున్న ఆవుల పాలు తాగేస్తుందని జనం దాన్ని అనుమానించేవాళ్లు. ముందే కాలం రాసుకోమన్నది ఇలాంటివాటి కోసమే.

సెక్స్‌టన్ చేతిలో గంట తాడు, పార. గోతులు తవ్వుతాడు, గంట కొడతాడు, చర్చి ఊడుస్తాడు. ఈ మాటా, సాక్రిస్టన్ అన్న మాటా ఒకే లాటిన్ మూలం నుంచి వచ్చాయి. సాక్రిస్టన్ మాత్రం పూజాపాత్రలు, వస్త్రాల దగ్గరే ఉండిపోయాడు, సెక్స్‌టన్ సమాధుల దొడ్లోకి వచ్చేశాడు. హామ్లెట్ ఐదో అంకంలో గోతులు తవ్వేవాడు తాను కుర్రతనం నుంచీ ముప్ఫై ఏళ్లుగా ఇక్కడ సెక్స్‌టన్‌నని చెప్తాడు. తాను ఈ పనిలో చేరింది హామ్లెట్ పుట్టిన రోజునే అని కూడా అంటాడు. షేక్‌స్పియర్ నాటకాల 1623 సంపుటి ఫోలియోలో సెక్స్‌టన్ అన్న చోట "పదహారు" అని చదువుకోడానికి వీలైన స్పెల్లింగు పడింది, దాంతో హామ్లెట్ వయసు మీద పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఒక్క ఉద్యోగం పేరు స్పెల్లింగు యువరాజు వయసు దాకా వెళ్లింది.

వర్జర్ చేతిలో వర్జ్ అనే బెత్తం. ఊరేగింపుకి ముందు నడుస్తూ దారి చేస్తాడు. ఇతన్ని వెర్డరర్‌తో కలపకండి, వెర్డరర్ అడవి వ్యవహారాలు చూసే అధికారి. ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్ అడవిలో ఇప్పటికీ వెర్డరర్లు ఉన్నారు, వాళ్లకి చర్చితో సంబంధం లేదు.

బీడిల్ పాత ఇంగ్లీషులో కబురు చెప్పేవాడు, చాటింపు వేసేవాడు. కాలం గడిచేకొద్దీ పారిష్‌కి, అంటే ఒక చర్చి పరిధిలోని ఊరికి, బంట్రోతు అయ్యాడు. ఆలివర్ ట్విస్ట్‌లో బంబుల్ బీడిలే. పెద్ద టోపీ, చేతికర్ర, పేదల మీద జబర్దస్తీ. డికెన్స్ ఇతన్ని ఎంత గట్టిగా గీశాడంటే ఆ తర్వాత బీడిల్ అంటే జనానికి బంబులే గుర్తొచ్చాడు. కానీ కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీల్లో దండం పట్టుకుని ఊరేగింపుకి ముందు నడిచే బీడెల్ గౌరవమైన ఉద్యోగి. అక్కడ బంబుల్ ముఖం పెట్టకండి.

వీళ్లు కాక పారిష్ క్లర్క్ ఆరాధనలో జనం తరఫున జవాబులు పలికేవాడు. చాలా ఊళ్లలో కుక్కల్ని తోలేవాడు కూడా జీతం మీదే ఉండేవాడు, డాగ్-విప్పర్. రైతులు కుక్కల్ని వెంటబెట్టుకుని చర్చికి వచ్చేవారు, అవి కొట్లాడుకుంటే బయటికి ఈడ్చేది ఇతనే. కొన్ని చర్చిల్లో కుక్కల మెడ పట్టుకునే పొడవాటి చెక్క పటకార్లు ఇంకా ఉన్నాయి.

వీళ్లంతా లెక్క చెప్పేది వెస్ట్రీకి. వెస్ట్రీ అంటే వస్త్రాలు దాచే గది, అక్కడ కూర్చునే ఊరి సభకీ అదే పేరు. 1894 చట్టంతో పల్లెల్లో దాని పౌర అధికారాలు పారిష్ కౌన్సిళ్లకి పోయేదాకా అదే పంచాయతీ.

5. తెలిసిన మాటల్నే ఎక్కువ అనుమానించండి

తెలియని మాటకి నిఘంటువు తీస్తాం, తెలిసిన మాటకి తీయం. దెబ్బ అక్కడ తగులుతుంది. ట్రాలప్ 1855లో రాసిన ది వార్డెన్ నవలలో కథానాయకుడు హార్డింగ్ ఒక హాస్పిటల్‌కి వార్డెన్. అది ఆస్పత్రి కాదు, ముసలివాళ్ల ధర్మసత్రం. కాన్‌స్టేబుల్ మూలంలో గుర్రాల సాలకి అధిపతి. మార్షల్ కూడా గుర్రాల మనిషే, సేవకుడు మాత్రమే. పాత పత్రాల్లో పేరు తర్వాత క్లర్క్ అని ఉంటే గుమస్తా అనుకోవద్దు, చాలావరకు పాదిరీ అని. మద్రాసు ప్రెసిడెన్సీ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల రికార్డులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ ఎన్/2 వరుసలో ఉన్నాయి. అక్కడ వెతికేవాళ్లకి ఈ ఒక్క సంగతి చాలా తిప్పట తప్పిస్తుంది.

ఇంటిపేర్లలోనూ ఇదే వెతుకులాట పనిచేస్తుంది. పార్కర్ వేటతోట కావలి, స్పెన్సర్ సామాను కొట్టు మనిషి, సమ్నర్ చర్చి కోర్టు సమన్లు తెచ్చేవాడు, క్లార్క్ పాదిరో రాయసగాడో. తలారి, కరణం మన ఇంటిపేర్లయినట్టే. అయితే ఇంటిపేరు చూసి ఆ మనిషి వృత్తి తేల్చేయకండి, పేరు నిలిచిపోయి ఉద్యోగం పోయిన తరాలు చాలా ఉంటాయి.

6. నిఘంటువు సరైన పేజీలో తెరవండి

1100కి ముందు పాఠమైతే బోస్‌వర్త్-టాలర్ నిఘంటువు, ఆ తర్వాత 1500 దాకా మిషిగన్ యూనివర్సిటీవాళ్ల మిడిల్ ఇంగ్లీష్ డిక్షనరీ. రెండూ నెట్‌లో ఉచితం. ఆ తర్వాత కాలానికి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు. అర్థాల వరుసలో మొదటిది తీసుకోకండి, కింద ఇచ్చిన ఉదాహరణల తేదీలు చూసి, మీ పుస్తకం తేదీకి దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకోండి.

7. తెలుగులో పెట్టేటప్పుడు

ముందు తెలుగు బైబిలు చూడండి, కొన్ని మాటలు అప్పుడే స్థిరపడ్డాయి. బిషప్ గ్రీకు మూలంలో "పైనుంచి చూసేవాడు". తిమోతికి రాసిన మొదటి పత్రికలో మనవాళ్లు అధ్యక్షపదవి అన్నారు, ఆ సంస్కృతం మాటలోనూ కన్ను ఉంది. డీకన్‌కి పరిచారకుడు, ప్రెస్బిటర్‌కి పెద్ద, లూకా సువార్తలో స్టీవర్డ్‌కి గృహనిర్వాహకుడు. పందొమ్మిదో శతాబ్దపు నవలలో మాత్రం "అధ్యక్షుడు" అంటే పార్టీ అధ్యక్షుడిలా వినిపిస్తుంది, బిషప్పు అనే ఉంచండి.

కొన్ని తెలుగు మాటలు నోటికి తేలిగ్గా వస్తాయి కానీ తమతో పాటు వేరే లోకాన్ని మోసుకొస్తాయి. సెక్స్‌టన్‌ని కాటికాపరి అన్నారనుకోండి, చదివేవాడికి హరిశ్చంద్రుడు, చితి, కాశీ కళ్లముందుకొస్తాయి. సెక్స్‌టన్ పాతిపెట్టేవాడు, పైగా ఆదివారం గంట కొట్టేవాడూ అతనే. చర్చివార్డెన్‌కి ధర్మకర్త చాలా దగ్గరగా వస్తుంది, ఆస్తి చూస్తాడు, పూజారి కాదు. కాకపోతే గుడి వాసన వస్తుంది, కాబట్టి వివరణలో వాడండి, పేరుగా వద్దు. బీడిల్‌కి బంట్రోతు హాయిగా సరిపోతుంది.

ఏదీ కుదరకపోతే ఇంగ్లీషు పేరే ఉంచి, మొదటిసారి వచ్చినచోట పని చూపించండి. ఫుట్‌నోటు అక్కర్లేదు. "సెక్స్‌టన్ వచ్చాడు" అని వదిలేసే బదులు "గోతులు తవ్వే సెక్స్‌టన్ పార గోడకి ఆనించి, గంట తాడు అందుకున్నాడు" అని రాస్తే చాలు. తర్వాత పుస్తకం అంతా ఒట్టి సెక్స్‌టన్ అన్నా ఎవరూ తడబడరు.